మట్టి కోతకు గడ్డి పట్టీ అడ్డం వేయించిన బెన్నెట్

వాన వెలిశాక వాగులో ఎర్రనీళ్లు పారుతుంటే చెరువు నిండుతుందని సంతోషిస్తాం. ఆ ఎరుపు మన చేని పైమట్టేనని అంతగా పట్టించుకోం. అమెరికా రైతులదీ ఒకప్పుడు ఇదే తీరు. వారి చేత ఆ మట్టిని పట్టించుకునేలా చేసినవారు హ్యూ హామండ్ బెన్నెట్.

ఆయన 1881లో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక పత్తి రైతు ఇంట పుట్టారు. 1903లో ప్రభుత్వ నేలల సర్వే శాఖలో చేరారు. 1905లో వర్జీనియా రాష్ట్రం లూయిసా ప్రాంతంలో సర్వే చేస్తూ ఒకే వాలులో పక్కపక్కనే రెండు నేలలు చూశారు. చెట్లున్న చోట మట్టి చేత్తో తవ్వేంత గుల్లగా ఉంది. ఏళ్ల తరబడి దున్నిన చోట గట్టి బంకమన్నే మిగిలింది. ప్రతి వానకూ పలుచని పొర చొప్పున పైమట్టి పోయిందన్నమాట. గండి పడితే రైతుకు కనిపిస్తుంది గానీ పొర పోతే కనిపించదు.

చెబితే వినేవారు లేరు. నేల ఎన్నటికీ తరగని ఆస్తి అని 1909లో ఆయన పనిచేసే శాఖే పుస్తకంలో అచ్చువేసింది! బెన్నెట్ ఊరుకోలేదు. నేలకోత దేశానికే ముప్పని 1928లో మరొకరితో కలిసి చిన్న పుస్తకం రాశారు. మరుసటి ఏడాది పరిశోధనకు 1,60,000 డాలర్లు మంజూరయ్యాయి.

1933లో నేలకోత నివారణ శాఖకు అధిపతి అయ్యారు. తొలి ప్రయోగం విస్కాన్సిన్ రాష్ట్రంలోని కూన్ వ్యాలీలో. అక్కడ కొండవాలు చేలను నలుచదరంగా విడగొట్టి, పైనుంచి కిందికి సాళ్లు దున్నేవారు. సాలే కాలువై నీళ్లు పరుగెత్తేవి. బెన్నెట్ మనుషులు వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వంపు తిరిగే పట్టీలు వేయించారు. ఒక పట్టీలో మొక్కజొన్న, దాని దిగువన లూసర్న్ వంటి ఒత్తయిన మేత పైరు, మళ్లీ పంట. పైనుంచి వచ్చే నీరు ఆ మేత కాడలకు తగిలి నెమ్మదిస్తుంది, తెచ్చిన మట్టిని అక్కడే వదులుతుంది, కొంత ఇంకుతుంది. మేత పశువులకు పనికొస్తుంది. కొన్నేళ్లకు పట్టీల్లో పైర్లు మార్చి వేస్తారు.

తాతలనాటి సాలు మార్చమంటే ఏ రైతైనా వెంటనే ఒప్పుకుంటాడా? అందుకే ఐదేళ్ల ఒప్పందం రాసుకుని విత్తనం, సున్నం, కూలీల సాయం ప్రభుత్వమే ఇచ్చింది.

ఆ రోజుల్లోనే మైదానాల్లో పచ్చిక దున్నేసిన నేలలు కరువుకు ఎండి దుమ్ము తుపానులు లేచాయి. 1935లో బెన్నెట్ సెనేట్ సంఘం ముందు మాట్లాడుతుండగా ఆ దుమ్ము వెయ్యి మైళ్లకు పైగా వచ్చి వాషింగ్టన్‌ను కమ్మింది. అది వస్తోందని ముందే తెలిసి ఆయన మాటలు సాగదీశారని చెప్పుకుంటారు. ఏప్రిల్ 27న నేల పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన శాఖను 1951 వరకు ఆయనే నడిపారు. 1960 జులై 7న కన్నుమూశారు. కూన్ వ్యాలీ వాలుల్లో ఆ వంపు పట్టీలు నేటికీ కనిపిస్తాయి.