వాల్తేరులో వర్ణపటాలు చదివిన బరంపురం బిడ్డ

ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు 1898 సెప్టెంబరు 9న బరంపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా రాష్ట్రం లేదు. గంజాం, మన కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. సరిహద్దు 1936లో వచ్చింది.

విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్ గారితో కలిసి ఆయన పరిశోధన చేశారు. లోహాన్ని ఆవిరిగా మార్చి, దానిలోంచి కాంతిని పంపి, ఏ రంగులు మాయమయ్యాయో చూసేవారు. తరవాత లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర చేరారు. జెర్మేనియం వంటి మూలకాల అయాన్లు ఇచ్చే కాంతిని ఫొటో పలకల మీదికి ఎక్కించి, ఒక్కో రేఖనూ కొలిచి, అది ఏ రెండు శక్తి స్థాయిల మధ్య పుట్టిందో తేల్చారు. కంప్యూటర్లు లేని రోజులవి. ఎంత ఓపిక కావాలో లెక్కల మాస్టార్లకు చెప్పనక్కర్లేదు.

స్వదేశం వచ్చాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక ప్రయోగశాలను పెంచారు. అక్కడి సైన్సు కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత ఆయన. ఆ వంశం మొదట ఏలింది మన నందపూర్ నుంచే. రాజధాని 17వ శతాబ్దంలో జయపురానికి మారింది. ఆ లక్షలో మన కొండల రైతులు కట్టిన శిస్తూ ఉంది. ఈ మాట ఎవరూ రాయరు.

రంగధామరావు పని గాజు లేజర్ల మీద కాదు. కానీ శక్తి స్థాయిల లెక్క తెలియకపోతే ఆ లేజర్లు లేవు. రేర్ ఎర్త్ లోహాల్లో ఎర్బియం కాంతిని సరిగా పీల్చుకోలేదు, యిటర్బియం బాగా పీల్చుకుంటుంది. రెంటినీ ఒకే గాజులో కలిపితే యిటర్బియం తన శక్తిని పక్కనున్న ఎర్బియానికి అందిస్తుంది. మన మెట్ల పొలాల్లో పై మడి నీరు గట్టు దాటి పక్క మడికి పారినట్టే. అయితే మడుల ఎత్తులు కుదరాలి. ఇక్కడ రెండు అయాన్ల శక్తి స్థాయిలు దాదాపు సరిపోతాయి. ఈ జంటతో గాజు లేజరు 1965లో అమెరికాలో వెలిగింది. దూరాలు కొలిచే పరికరాల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ పరిశోధనకూ వాల్తేరులో పునాది వేసిన రంగధామరావు 1972 జూన్ 20న కన్నుమూశారు.

ఆయన చూసిన రేఖల్లాంటివి పిల్లలకు చూపాలంటే పాత సీడీ చాలు. వెలుగుతున్న సీఎఫ్ఎల్ బల్బు ప్రతిబింబాన్ని దాని మీద ఏటవాలుగా చూడమనండి. రంగులు ఇంద్రధనుస్సులా కలిసిపోకుండా విడివిడిగా కనిపిస్తాయి. అందులో ఆకుపచ్చ, సీరియం అందించిన శక్తితో టెర్బియం ఇచ్చే వెలుగు.