డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

చక్కెర వ్యాధి యను మాట విననివారు నేడు మన నల్లచెరువులో లేరు. భుజించిన అన్నములోని చక్కెరను దేహమునకు ఉపయోగపరచునది ఇన్సులిను. ఆ చక్కెర మనకు శక్తిగా మారు విధమును లోకమునకు దెలిపినవారిలో తెలుగువారొకరు గలరు. వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. సోదరులిరువురు స్ప్రూ యను జాడ్యముచే కొలది దినముల తేడాలో మరణించిరి. ఆ దుఃఖము వారిని విడువలేదు.

పిమ్మట అమెరికా జేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ పండితునితో గూడి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1921లో టొరాంటోలో బాంటింగు, బెస్టు అనువారు కనుగొనిన ఇన్సులిను నెక్కించినపుడు, రక్తములో చక్కెరతోపాటు భాస్వరము కూడ తగ్గును. కణములలో భాస్వరము చేయు పనిని సుబ్బారావుగారి పరిశోధనలు వెల్లడించెను. 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఎ.టి.పి. యను పదార్థములను వారు ఫిస్కుతో గూడి కండరములందు గనుగొనిరి. చక్కెర గాదెలోని ధాన్యమైన, ఎ.టి.పి. చేతిలోని రొక్కము. ఆ రొక్కము లేనిదే ఏ కణమును పనిచేయజాలదు.

1940లో లెడర్లె ప్రయోగశాలలో చేరిరి. వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు అది మందయ్యెను. స్వదేశమును మరల జూడకయే, 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, న్యూయార్కునందు కన్నుమూసిరి.

మెదడు బరువు దేహములో నూటికి 2 పాళ్లే యైనను, విశ్రాంతివేళ దేహము వెచ్చించు శక్తిలో సుమారు 20 పాళ్లు దానికే కావలెను. ఇన్సులిను మెదడులోను పనిచేసి జ్ఞాపకమునకు తోడ్పడునని తరువాతి పండితులు కనుగొనిరి. ఆల్జీమర్సు వ్యాధిలో మెదడు ఇన్సులినునకు సరిగా స్పందింపదు. మధుమేహము గలవారికి వార్ధక్యమున మతిభ్రమణ భయము అధికము.

కావున బాలబాలికలారా, తాతగారి మరపును జూచి నవ్వకుడు. వైద్యునికి జూపుడని తల్లిదండ్రులకు జెప్పుడు. పరీక్ష తప్పినవారు సుబ్బారావుగారి మూడవ ప్రయత్నమును దలచుకొందురుగాక యని మా కోరిక.