నాలుగు ఆపరేషన్లకు సరే, ఒక్కదానికి వద్దు: రమణ మహర్షి చివరి రోజులు



మీలో చాలామంది పౌర్ణమికి బస్సెక్కి తిరువణ్ణామలై వెళ్లి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే ఉంటారు. ఆ దారిలోనే రమణాశ్రమం. ఆశ్రమంలో నిర్వాణ గది అని ఒక చిన్న గది ఉంటుంది. మనం ఒక్క నిమిషం బయట నిలబడి దండం పెట్టుకుని వచ్చేస్తాం. ఈ వారం వీడియోలో భగవాన్ జీవితం మొత్తం చెప్పేసరికి ఆ గది గురించి చెప్పడానికి టైమ్ సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. రాయడానికి నాకు ఒక సొంత కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తా.

వేంకటరామన్ ఎలా రమణుడయ్యాడు

1879 డిసెంబర్ 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో పుట్టాడు వేంకటరామన్. తండ్రి సుందరం అయ్యర్, తల్లి అళగమ్మాళ్. పదహారేళ్లప్పుడు, 1896లో, మదురైలో ఉండగా ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఆ కుర్రాడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తలేదు, ఇంట్లోవాళ్లనీ పిలవలేదు. శవంలా పడుకుని, ఈ ఒళ్లు చచ్చిపోతే నేను కూడా పోతానా అని లోపల వెతుక్కున్నాడు. పోను అని తేలిపోయింది. కొన్ని వారాలకే ఇల్లు వదిలి, సెప్టెంబర్ 1న అరుణాచలం చేరాడు.

మొదట్లో ఒంటి ధ్యాసే లేదు. గుడిలో పాతాళ లింగం దగ్గర చీకట్లో కూర్చుంటే పురుగులు తొడలు కొరికేసినా తెలియలేదు, వేరేవాళ్లు బయటికి మోసుకొచ్చారు. 1907లో మన తెలుగువారైన కావ్యకంఠ గణపతి ముని ఆయన దగ్గర ఉపదేశం పొంది, భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా పిలిచే పేరు అదే.

అమ్మ పక్కన

ఒళ్లు నేను కాదు అని తెలిసిన మనిషికి జబ్బుపడ్డవాళ్ల మీద జాలి ఉండదేమో అనుకుంటాం. 1914లో తల్లి ఆయన్ని చూడ్డానికి కొండ మీదికి వచ్చి విపరీతమైన జ్వరంతో పడిపోయింది. ఆయన పక్కనే ఉండి సేవ చేశారు. అమ్మను కాపాడమని అరుణాచలేశ్వరుణ్ణి వేడుకుంటూ పద్యాలు కూడా రాశారు. ఆమె కోలుకుంది.

1922 మే 19న ఆమె ఆఖరి రోజు వచ్చింది. అప్పుడు మాత్రం బతికించమని అడగలేదు. కుడిచెయ్యి ఆమె గుండె మీద, ఎడమచెయ్యి తల మీద పెట్టి, ప్రాణం పోయేదాకా గంటల తరబడి కదలకుండా కూర్చున్నారు. ఒకసారి బతికించమని ప్రార్థించారు, ఇంకోసారి సాగనంపారు. ఎప్పుడు ఏది చెయ్యాలో ఆయనకు తెలుసు.

మోచేతి దగ్గర చిన్న గడ్డ

1948 చివర్లో ఎడమ మోచేతి దగ్గర బఠాణీ గింజంత గడ్డ కనిపించింది. 1949 ఫిబ్రవరి 9న ఆశ్రమంలోనే డాక్టర్లు కోసి తీసేశారు. అది మళ్లీ పెరిగింది. మార్చి 17న తల్లి సమాధి మీద కట్టిన మాతృభూతేశ్వరాలయానికి కుంభాభిషేకం జరిగింది. ఆ జనం మధ్య అంతసేపూ ఆ చెయ్యితోనే కూర్చున్నారు. మార్చి 27న మద్రాసు నుంచి వచ్చిన సర్జన్ రెండో ఆపరేషన్ చేశారు. పరీక్షల్లో అది సార్కోమా, అంటే క్యాన్సర్ అని తేలింది. రేడియం వైద్యం కూడా జరిగింది.

ఇక మిగిలిన దారి మోచేతి పైన చెయ్యి తీసేయడమే అన్నారు డాక్టర్లు.

భగవాన్ వద్దన్నారు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నారు. అసలు ఈ శరీరమే ఒక జబ్బు, దాని ముగింపు దానికి సహజంగా రానివ్వండి, చెయ్యి నరకడం దేనికి అన్నట్టుగా చెప్పారు. డాక్టర్లు ఆ మాటకు విలువిచ్చారు. మనసు మార్చాలని చూసినవాళ్లు ఉన్నారు, ఏడ్చినవాళ్లూ ఉన్నారు. కానీ ఆయన్ని బలవంతంగా టేబుల్ ఎక్కించలేదు.

ఇక్కడ మనం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఆయన వైద్యాన్ని కాదనలేదు. ఆగస్టు 7న మూడో ఆపరేషన్, డిసెంబర్ 19న నాలుగోది చేయించుకున్నారు. మధ్యలో ఆకు పసర్లు, ఆయుర్వేదం, హోమియోపతి, ఎవరు ఏ మందు తెచ్చినా కాదనలేదు. వైద్యం కావాలన్నది తను కాదు, మీరే, మీ తృప్తి కోసం చేసుకోండి అన్నది ఆయన వరస. నొప్పి మామూలుగా లేదని డాక్టర్లే చెప్పేవారు. అయినా భక్తులకు దర్శనం మాత్రం ఆపనివ్వలేదు. మంగళగిరి దగ్గరి కొలనుకొండలో పుట్టిన సూరి నాగమ్మగారు 1945 నుంచి తన అన్నగారికి తెలుగులో రాసిన ఆశ్రమ లేఖలు ఉన్నాయి కదా, వాటిని చదివితే ఆ రోజుల్లో భక్తులు ఎంత అల్లాడిపోయారో తెలుస్తుంది.

1950 ఏప్రిల్ 14

ఆ సాయంత్రం కూడా భక్తులు వరసగా వచ్చి చూసి వెళ్లారు. శ్వాస కష్టమైంది. డాక్టర్ ఆక్సిజన్ పెట్టబోతే కుడిచేత్తో వద్దని సైగ చేశారు. తనను లేపి కూర్చోబెట్టమన్నారు. బయట భక్తులు అరుణాచల శివ అంటూ పాడుతున్నారు. అది విని కళ్లు తెరిచారు, కంటి చివర నీటి చుక్క. రాత్రి 8:47కి శ్వాస ఆగిపోయింది. అదే సమయంలో ఆకాశంలో ఒక వెలుగు కొండవైపు సాగిపోవడం చాలామంది చూశారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియె బ్రెస్సాన్ కూడా వాళ్లలో ఒకరు.

మా తాత సంగతి

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటివైపు, వెలిగండ్ల. తాత కందిచేను, రెండు బర్రెలు తప్ప వేరే లోకం తెలియని మనిషి. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలినప్పుడు ఇంట్లో అందరం కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాం: తాతకు చెప్పకూడదు. సిటీకి తీసుకెళ్లాం. ఫారాల మీద నాన్న సంతకాలు పెట్టాడు. తాత స్పృహలోనే ఉన్నాడు, ఆయన్ని ఒక్కరూ అడగలేదు. ఇంటికి పోదాం అబ్బాయ్ అని నన్ను నాలుగైదుసార్లు అడిగాడు. తగ్గిపోతుంది తాతా, ఓపిక పట్టు అన్నా. ఆఖరికి వెంటిలేటర్ మీదే పోయాడు.

ప్రేమతోనే చేశాం. అందుకే ఇప్పటికీ బాధ. ఆఫీసులో యూజర్ ఒప్పుకోకపోతే యాప్‌లో లొకేషన్ కూడా తీసుకోకూడదని కోడ్ రాస్తా. మా తాత ఒంటి మీద మాత్రం తాత ఒప్పుకోలు అక్కర్లేదనుకున్నా.

రమణులకు తన జబ్బేంటో తెలుసు. మనసు తేటగా ఉంది. ఏది సరే, ఏది వద్దు అని విడివిడిగా, తన నోటితో తనే చెప్పారు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టే ఆ వద్దు అనే మాటకు అంత బరువు. మా తాతకు మొదటిదే దక్కలేదు.

మనం ఏం చెయ్యొచ్చు

ముందు ఒక జాగ్రత్త. భగవాన్ వద్దన్నారు కాబట్టి మనమూ వైద్యం మానేద్దాం అనుకోకండి. ఆయన ఎవరికీ అలా చెప్పలేదు. ఇప్పుడు చేతి సార్కోమాలకు చెయ్యి తీసేయకుండానే చాలాసార్లు వైద్యం చేయగలుగుతున్నారు. నేర్చుకోవాల్సింది ఆయన జవాబును కాదు. ఆయన్ని అడిగారు, ఆయన చెప్పింది విన్నారు. అది నేర్చుకోవాలి.

మన చట్టం కూడా ఇటే నడుస్తోంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు, గౌరవంగా చనిపోయే హక్కు ఆర్టికల్ 21లో భాగమేనని చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చు, దాన్నే లివింగ్ విల్ అంటారు. మొదట దానికి మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది. 2023లో కోర్టే సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం ఇప్పటికీ నేరమే, రెండూ ఒకటి కాదు.

కాగితం సంగతి తర్వాత. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు, ఒంట్లో బాగుందా అని అడిగి పెట్టేయకండి. రేపు ఏదైనా అయితే నీకు ఏం కావాలి, ఎక్కడ ఉండాలనుంది అని అమ్మానాన్నలని, నాయనమ్మని అడగండి. మా నాయనమ్మని నేను అడిగా. ఇంట్లోనే, వేపచెట్టు కనిపించేలా మంచం వెయ్యమంది. రాసి పెట్టుకున్నా.

ఓం నమో భగవతే శ్రీ రమణాయ.