దుర్గాబాయమ్మ గారూ, మన అర్జీల బల్లా

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుల జీవితం రాయమని కార్యదర్శి గారు అడిగితే, ఎవరి గురించి రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. శనివారం మన అర్జీల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు గుర్తుకొచ్చారు. ఎందుకో చివర్లో మనవి చేస్తాను.

ఆమె మన గోదావరి ఆడపడుచు. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దని ఆమే చెప్పగా, తండ్రి రామారావు గారు కూతురి పక్షానే నిలిచారు. ఆ రోజుల్లో అదెంత సాహసమో మన అమ్మమ్మల కాలం గురించి విన్నవారికి వివరించనక్కర్లేదు. చిన్నతనంలోనే హిందీ నేర్చుకుని, కాకినాడలో తోటి ఆడవాళ్లకు ఉచితంగా నేర్పారు.

1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని ప్రదర్శన ద్వారం దగ్గర ఆపిన కథ అందరికీ తెలిసిందే. ఎవరు ఉపన్యాసమిచ్చినా దాంతోనే మొదలుపెడతారు. నాకు మాత్రం అంతకు రెండేళ్ల ముందటి సంగతి గొప్పదనిపిస్తుంది. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీ స్త్రీలు, ఘోషా స్త్రీలు ఆయన్ను చూసి తీరాలని పట్టుబట్టింది పన్నెండేళ్ల ఈ పిల్ల. ఐదు వేల రూపాయల నిధి ఇస్తేనే సమయం ఇస్తామన్నారట పెద్దలు. ఆ స్త్రీలే పోగుచేసి ఇచ్చారు. సభ జరిగింది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1933 లోపల మూడుసార్లు శిక్ష పడింది. మధుర జైలు ఏకాంతవాసంతో ఆరోగ్యం దెబ్బతింది. జైలులో ఆమె మనసును కదిలించింది తన కష్టం కాదు. తమ మీద కేసేమిటో, తాము ఒప్పుకున్నదేమిటో కూడా తెలియని నిరక్షరాస్య స్త్రీలు అక్కడ శిక్ష అనుభవిస్తున్నారు. వాళ్లకు చట్టం తెలిసిన మనిషి ఒకరు తోడుంటే ఈ గతి పట్టేది కాదు గదా అనుకున్నారు. బయటికి వచ్చాక, తానే ఆ మనిషి కావాలని చదువు మొదలుపెట్టారు.

ఇరవై నాలుగేళ్లు దాటిన వయసులో బెనారసు మెట్రిక్కు! ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు హాస్టలు లేదన్న అడ్డంకి వచ్చింది. మనలాంటి వాళ్లమైతే ఏ బంధువుల ఇంట్లోనో గది చూసుకుని, మన ఒక్కరికి అనుమతి ఇమ్మని విన్నపం పెట్టుకునేవాళ్లం. ఆమె పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు మానుకున్న ఆడపిల్లలుంటే తనకు రాయమన్నారు. ఉత్తరాలు వచ్చాయి. ఆ అమ్మాయిలంతా కలిసి వసతి ఏర్పాటు చేసుకున్నారు, అందరికీ ప్రవేశం దొరికింది. ఆమె జీవితంలో పదవుల కన్నా, పద్మవిభూషణ్ కన్నా ఈ చిన్న ప్రకటన దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోతాను.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1942లో లా పట్టా పుచ్చుకుని న్యాయవాది అయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యురాలిగా, ఎగువ సభకు కనీస వయసు 35 నుంచి 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించి నెగ్గించారు. ఆస్తిలో ఆడవాళ్ల హక్కు కోసం వాదించారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయినా ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడే చింతామణి దేశ్‌ముఖ్ గారితో వివాహం. అప్పుడే చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మన దేశంలోనూ కావాలని న్యాయమూర్తుల దగ్గర, నెహ్రూ గారి దగ్గర ప్రస్తావించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో గాని రాలేదు. ఆమె 1981 మే 9నే కన్నుమూశారు.

సేవ వేరు, ఉద్యమం వేరు, ఈ వయసులో మనకెందుకని మన సభ్యుల్లో కొందరు మిత్రులు అంటుంటారు. ఆమె ఆసుపత్రీ నడిపారు, చట్టం కోసమూ పోరాడారు. ఒకదాని కోసం రెండోది వదల్లేదు. అంతెందుకు, మనం డిసెంబరు 17న పింఛనుదారుల దినం జరుపుకుంటున్నామంటే, 1982లో ఆ తేదీన సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పిచ్చినందుకే గదా. ఆయన తన ఒక్కరి లెక్క సరిచేయమని అడిగి ఊరుకుని ఉంటే, మిగతావారి మాటేమిటి?

ఇక మన బల్ల సంగతి. నలభై ఏళ్లు నోట్‌ఫైళ్లు రాసిన చేయి, అర్జీ రాయడం నాకు కష్టం కాదు. కొల్లేటి లంక గ్రామం ఒకదాని నుంచి భర్త మరణ ధ్రువపత్రం లేక వితంతు పింఛను ఆగిపోయిన నలుగురు ఆడవాళ్లు, నాలుగు వేర్వేరు శనివారాలు ఏలూరు బస్సెక్కి వచ్చారు. నలుగురికీ విడివిడిగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపాను. ఒకే ఊరు, ఒకే చిక్కు అని నాకు తట్టనే లేదు. నా గుమాస్తా బుద్ధి అది, ఒక కాగితం అయ్యాక ఇంకో కాగితం.

మొన్న ఐదో ఆమె వచ్చింది. ఈసారి అర్జీ రాయలేదు. మీ ఊళ్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారమ్మా అని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి పదకొండు మందన్నది. అందరూ కలిసి ఒకే అర్జీతో వచ్చే సోమవారం గ్రీవెన్సుకు వెళుతున్నారు. నేను తోడు వెళుతున్నాను. తాడేపల్లిగూడెం నుంచి ఇద్దరు సభ్యులు వస్తామన్నారు. 2022లో జిల్లాలు విడిపోయినా వాళ్లు మన బల్ల వదల్లేదు. ఇంకెవరైనా రాదలిస్తే, ఉదయం తొమ్మిదింటికి సంఘం గది దగ్గర కలవండి. ఆడవాళ్లు ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంది, మంచినీళ్ల సీసాలు తెచ్చిపెడితే మేలు.