బెర్తా చెయ్యి

ఎక్స్‌రే అనగానే నల్లటి ఫిల్మూ, తెల్లటి ఎముకలూ గుర్తొస్తాయి కదూ! మనిషి శరీరాన్ని అలా తీసిన తొలి బొమ్మల్లో ఒకటి ఓ ఇల్లాలి చెయ్యి అని మనలో ఎందరికి తెలుసు?

ఆమె భర్త విల్‌హెల్మ్ రాంట్‌జన్. 1845లో జర్మనీలో బట్టల వ్యాపారి ఇంట పుట్టాడు. హాలెండులో చదివేటప్పుడు, మేష్టారి బొమ్మను వెక్కిరింతగా గీసిన పిల్లాడి పేరు చెప్పనన్నందుకు బడిలోంచి పంపేశారట. జూరిచ్‌లో చదువుకుంటూ, తనకన్నా ఆరేళ్ళు పెద్దదైన అన్నా బెర్తాను ఇష్టపడి 1872లో పెళ్ళాడాడు. పిల్లలు లేకపోతే ఆమె మేనకోడలినే తెచ్చి పెంచుకున్నారు.

1895 నవంబరు 8. వూర్జ్‌బర్గ్‌లో చీకటిగది. గాజుగొట్టానికి నల్లట్ట చుట్టి లోపలికి కరెంటు పంపాడు. వెలుతురు బయటికొచ్చే దారే లేదు. అయినా కాస్త దూరంలో బేరియం ప్లాటినోసయనైడ్ అనే లవణం పూసిన తెర మెరిసింది! కంటికి కనబడని కిరణాన్ని మింగి, కనబడే వెలుగుగా మార్చి ఇవ్వడం ఆ లవణం గుణం.

ఇక కొన్ని వారాలు తిండీ నిద్రా ప్రయోగశాలలోనే. డిసెంబరు 22న బెర్తాను పిలిచి, ఫోటో ప్లేటు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఎముకలూ, వేలికి ఉంగరమూ పడ్డాయి. తన చావును తానే చూసినట్టయి ఆవిడ హడలిపోయిందట.

1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఆయనదే. ఆ డబ్బు యూనివర్సిటీకి ఇచ్చేశాడు. పేటెంటు అసలు తీసుకోలేదు. ఆవకాయ కొలత పక్కింటికి చెప్పనివాళ్ళను నేనెరుగుదును! మా వరంగల్ ఎమ్‌జీఎమ్ ఆస్పత్రికి ఎక్స్‌రే కోసం పల్లెల నుంచి వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఆ పేటెంటు సంగతే తలపుకొస్తుంది.

చివరి రోజుల్లో మంచాన పడ్డ బెర్తాకు నొప్పి తగ్గే ఇంజెక్షన్లు ఆయనే స్వయంగా ఇచ్చేవాడు. 1919లో ఆమె పోయింది. యుద్ధం తర్వాత ధరలు మండిపోయి దాచుకున్నదీ కరిగిపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో ఆయనా కన్నుమూశాడు.

అలా మెరిసే పదార్థాలు ఇప్పుడు చాలా వచ్చాయి. డిజిటల్ ఎక్స్‌రే యంత్రాల్లో సీజియం అయొడైడ్ వాడుతున్నారు. మామూలు వెలుతురు చేరలేనంత లోతున ఉన్న క్యాన్సర్ గడ్డలోకి అలాంటి సూక్ష్మకణాలను పంపి, పైనుంచి ఎక్స్‌రే వేసి, లోపల పుట్టిన వెలుగుతో మందును పనిచేయించాలని పరిశోధనలు సాగుతున్నాయి. ఆయన్ను బలిగొన్న జబ్బుకే, ఆయన చూసిన వెలుగుతో మందు వెతుకుతున్నారు.