దారిపక్క చావడిలో బోధకుడు: అదోనీరామ్ జడ్సన్



మీలో చాలామంది కాపరుల సదస్సులకు వెళ్ళినవారే. వాక్యభాగాన్ని ఎలా విప్పాలి, సందర్భాన్ని ఎలా చూడాలి, ప్రసంగాన్ని మూడు అంశాలుగా ఎలా పేర్చాలి అని రాసుకుంటూ పోతే నోటుపుస్తకం నిండిపోతుంది. మంచిదే. అలాంటి సదస్సు కోసం ఎప్పుడైనా యాంగోన్ లోని లమ్మడా పేటకు వెళ్ళే అవకాశం మీకొస్తే, మొదటి పాఠం మొదలవకముందే ఒక మనిషిని తలుచుకోండి. బర్మా భాషలో లమ్మడా అంటే రాజబాట. నేను చెప్పబోయే మనిషి కూడా ఆ ఊళ్ళో ఒక బాట పక్కనే కూర్చుని బోధించారు.

మన తాతలు ఆ ఊరిని రంగం అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి అక్కడి జనంలో సగానికి పైగా భారతీయులే. కోరంగి రేవు పేరు మీద కోరంగీలని పిలిపించుకున్న మన తెలుగువాళ్ళు ఎందరో ఆ ఓడరేవులో మూటలు మోశారు. అంతకు వందేళ్ళకు పైగా ముందు, 1813 జులై 13న, అదే రేవులో అదోనీరామ్ జడ్సన్, ఆయన భార్య ఆన్ దిగారు. ఆయనకు అప్పటికి ఇరవై అయిదేళ్ళు కూడా నిండలేదు.

నిజానికి వాళ్ళు అక్కడికే వెళ్ళాలనుకోలేదు. 1812లో అమెరికా నుంచి కలకత్తా చేరితే కంపెనీ ప్రభుత్వం ఉండనివ్వలేదు. ఓడ ప్రయాణంలో బాప్తిస్మం గురించి లేఖనాలు పరిశీలించి, తమను పంపిన సంఘం బోధ నుంచి విడిపోయి, కలకత్తాలో ముంపు బాప్తిస్మం తీసుకున్నారు. అంటే జీతం ఇచ్చేవారినీ వదులుకున్నట్టే. వాళ్ళను ఆదుకోవడానికే అమెరికా బాప్తిస్టులు 1814లో ఒక మిషను ఏర్పాటు చేసుకున్నారు. తరవాత మన తెలుగు దేశానికి శామ్యూల్ డేను పంపింది ఆ మిషనే. నెల్లూరు, ఒంగోలు సంఘాల కథ మొదలైంది అక్కడే. ఇక జడ్సన్ దంపతులు మద్రాసులో ఎక్కడికి వెళ్ళాలో తెలియక నిలబడితే, దొరికిన ఓడ రంగూనుకు పోతోంది. ఆ ప్రయాణంలోనే వారి తొలి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రంగూను చేరాక దాదాపు ఆరేళ్ళు జడ్సన్ బహిరంగ ఆరాధన పెట్టలేదు. భాష నేర్చుకున్నారు. నేర్పే పండితుడికి ఇంగ్లీషు రాదు, వాడుకోవడానికి నిఘంటువు లేదు. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేకుండా రాసిన అక్షరాలు. పైగా దేవుడు అనడానికి ఏ మాట వాడాలి? ఫయా అనే మాట ఉంది, కానీ బర్మా ప్రజలు బుద్ధుణ్ణీ, పగోడానూ కూడా అలాగే పిలుస్తారు. ఆ మాటనే తీసుకుని, దాని ముందు నిత్యుడు అనే అర్థం చేర్చి, ఆయన తన బైబిలు అనువాదంలో వాడారు. వినేవాడికి ఏం వినిపిస్తుందో తెలియకుండా నోరు తెరవకూడదని ఆయన పట్టుదల. ఈలోగా ఎనిమిది నెలల కొడుకు రోజర్‌ను పాతిపెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన సంఘాలను చూడండి. డల్లాస్‌లో అయినా, దుబాయ్‌లో అయినా మన ప్రసంగం శ్రావ్యమైన గ్రాంథిక తెలుగులో సాగుతుంది. వెనక వరుసలో కూర్చున్న పిల్లలకు అందులో సగం అందదు. తప్పు పిల్లలదని మనమంటాం. జడ్సన్ ఆ మాట అనేవారు కారనిపిస్తుంది నాకు.

1819 ఏప్రిల్‌లో ఆయన ఒక జయాత్ కట్టించారు. అది మన ఊళ్ళలో దారిపక్క చావడి లాంటిది. ఇరవై ఏడు అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. ముందుభాగం వెదురు, గడ్డి, తలుపుల్లేవు, గోడల్లేవు. పక్కన పగోడాకు వెళ్ళే జనం నడిచే బాట. తొలి ఆరాధనకు పదిహేనుమంది పెద్దలొచ్చారు. తక్కిన రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆయన అక్కడే కూర్చుని, వచ్చినవాళ్ళతో ఒక్కొక్కరితో మాట్లాడేవారు. వాదించేవాళ్ళు వాదించారు, నవ్వేవాళ్ళు నవ్వారు. మౌంగ్ నౌ అనే పేదవాడు మాత్రం రోజూ వచ్చి ఎక్కువ మాట్లాడకుండా కూర్చునేవాడు. జూన్ 27న దగ్గర్లోని చెరువులో, గట్టున బుద్ధవిగ్రహం ఉండగానే, అతడు బాప్తిస్మం పొందాడు. ఆరేళ్ళకు ఒక్కడు!

తరవాతి కష్టాలు మీరు వినే ఉంటారు కాబట్టి త్వరగా చెప్తాను. 1824లో యుద్ధం వచ్చింది, గూఢచారి అనుకుని ఆవా చెరలో వేశారు. రాత్రిపూట కాళ్ళను వెదురుకు కట్టి పైకి లాగేవారు. కొత్త నిబంధన రాతప్రతిని ఆన్ ఒక గట్టి దిండులో కుట్టి చెరలోకి పంపింది. ఒక కావలివాడు ఆ దిండును విసిరేస్తే, మౌంగ్ ఇంగ్ అనే విశ్వాసి అదేమిటో తెలియకుండానే జ్ఞాపకంగా దాచుకున్నాడు. 1826లో ఆన్ చనిపోయింది, కొన్ని నెలలకు పసిపాప మరియా కూడా. అప్పుడు జడ్సన్ అడవిలో ఒంటరిగా గుడిసె వేసుకుని, తన గోతిని తానే తవ్వుకుని దాని పక్కన కూర్చున్నారు. జీవితచరిత్రలు కొన్ని ఈ భాగాన్ని దాటేస్తాయి. దాటేయకూడదని నా అభిప్రాయం.

1834 జనవరి 31న బర్మా భాషలో బైబిలు అనువాదం ముగిసింది. దాన్ని దిద్దడానికి మరో ఆరేళ్ళు పట్టింది.

1845లో, ముప్పై మూడేళ్ళ తరవాత, ఆయన అమెరికా వెళ్ళారు. గొంతు పాడైపోయింది. ఆయన గుసగుసగా చెప్తే పక్కన మరొకరు బిగ్గరగా పలికేవారు. ఇంగ్లీషులో ప్రసంగించడం కూడా ఆయనకు కష్టమైపోయింది. ఒకచోట జనం చెరసాల కథలు, అడవి కథలు వినాలని వచ్చారు. ఆయన క్రీస్తు ప్రేమను గురించి మాత్రమే చెప్పి కూర్చున్నారు. ఇంటికి పోయేటప్పుడు జనం నిరాశపడ్డారని భార్య ఎమిలీ చెబితే, ఆయన నొచ్చుకోలేదు. తాను చెప్పగలిగిన వాటిలో అంతకంటే మంచి కథ లేదన్నట్టుగానే బదులిచ్చారు.

1850 ఏప్రిల్ 12న, ఆరోగ్యం కోసం చేస్తున్న ఓడ ప్రయాణంలో ఆయన కన్నుమూశారు. శరీరాన్ని సముద్రానికి అప్పగించారు, కాబట్టి మీరు చూడడానికి సమాధి లేదు. మౌల్‌మేన్‌లో ఉన్న ఎమిలీకి నాలుగు నెలల తరవాత గానీ కబురు అందలేదు. కానీ లమ్మడాలో సదస్సుకు కూర్చున్నప్పుడు, పక్కనున్న బర్మా కాపరి చేతిలోని బైబిలు ఏ అనువాదమో అడగండి. చాలావరకు అది ఆ చావడిలో కూర్చున్నాయనదే.