చింతగింజల జాగీరు

మా చరిత్ర సారుకు ఎనభై ఒకటో ఏడు. వచ్చే ఆదివారం సహస్ర చంద్ర దర్శనం. అభినందన సంచికకు ఏదో ఒకటి రాయమని పాత క్లాసువాళ్లు పని నా నెత్తిన పెట్టారు. లెక్క చూస్తే మొదటి పానిపట్టు యుద్ధానికి కూడా ఈ 2026లోనే 500 ఏళ్లు నిండాయి. ఫోనులో ఆ మాట చెబితే, ‘‘రెండూ ఒకేసారి కానిచ్చేయండ్రా, పులిహోర ఖర్చు కలిసొస్తుంది’’ అన్నారు సారు.

ఈ వయసులో ఔరంగజేబు సతారా కోట ముందు డేరాలు వేసుకుని కూర్చున్నాడు. మా సారు పెరట్లో మల్లెపొదకు నీళ్లు పోసుకుంటున్నారు. నన్నడిగితే సారుదే సుఖమైన పాదుషాగిరీ.

1526 ఏప్రిల్ 21 నాటి యుద్ధాన్ని ఆయన మాకు బెంచీలతో చూపించారు. వాటిని వరసగా పేర్చి, బావి చేదతాడుతో ఒకదానికొకటి కట్టించారు. అవి బాబరు బళ్లు. మధ్యమధ్య గుర్రాలు దూసుకెళ్లడానికి సందులు, బళ్ల చాటున ఫిరంగులు. సుమారు 12,000 మందితో బాబరు ఇబ్రహీం లోడీ మహాసైన్యాన్ని మధ్యాహ్నానికల్లా ఎలా మట్టికరిపించాడో మాకు అలా అర్థమైంది. హుమాయూన్ గ్రంథాలయం మెట్ల మీంచి జారిపడటం అర నిమిషంలో అయిపోయింది. అక్బరు దగ్గర మాత్రం తోడరమల్లును పట్టుకుని వారం రోజులు వదల్లేదు. పదేళ్ల దిగుబడి, ధరల సగటు కట్టి శిస్తు నిర్ణయించడం సారు దృష్టిలో తాజ్‌మహల్ కంటే గొప్ప కట్టడం.

ఆ తర్వాత వచ్చింది చింతగింజల పాఠం.

జేబులోంచి వంద గింజలు తీసి, పదిమందిని నిలబెట్టి తలా పది పంచారు. ‘‘మీరు మన్సబుదార్లు. ఇవి జాగీర్లు. భూమి మీది కాదు, దాని మీద వసూలే మీది. మూడు నాలుగేళ్లకు బదిలీ’’ అన్నారు. తర్వాత వెనక బెంచీల నుంచి ఇంకో పదిహేనుమందిని పిలిచారు. ‘‘నువ్వు బీజాపూరు సర్దారువి, నువ్వు గోల్కొండ అమీరువి, నువ్వు మరాఠావి. పాదుషా మిమ్మల్ని కొలువులో చేర్చుకున్నాడు. పోయి జాగీరు తెచ్చుకోండి.’’ ఆయన చేతిలో ఒక్క గింజ మిగల్లేదు. రెండు నిమిషాల్లో చొక్కా గుండీలు తెగాయి. హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చారు. ‘‘ఏం లేదండీ, మొఘల్ సామ్రాజ్యం పడిపోతోంది’’ అన్నారు సారు.

ఔరంగజేబు మంచివాడా చెడ్డవాడా అన్న పంచాయితీలోకి ఆయన మమ్మల్ని ఎన్నడూ దిగనివ్వలేదు. ముందు జమ ఎంత, హాసిలు ఎంత చూడమనేవారు. కాగితం మీద రాసిన ఆదాయం ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి. ఆ తేడా దక్కన్ యుద్ధాల్లో పూడ్చలేనంత అయింది. మొఘల్ కొలువులోనే పనిచేసిన భీమ్‌సేన్ అనే కాయస్థుడు ఫారసీలో రాసుకున్న జ్ఞాపకాల్లో మొత్తుకున్నదీ ఇదే.

గోల్కొండకూ తీసుకెళ్లారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి. వానలకూ ఆకలికీ బయట ఉన్న మొఘల్ సైన్యమే అల్లాడింది. చివరికి లంచం తిన్నవాడొకడు రాత్రివేళ లోపలి నుంచి తలుపు తీశాడు. గోల్కొండ సుల్తాను తానీషా దౌలతాబాదు ఖైదుకు పోయాడు. గైడు కింద చప్పట్లు కొట్టి, పైన బాలాహిస్సారు దాకా వినిపిస్తాయని చెబుతున్నాడు. ‘‘చప్పట్లు వినిపించాయి సరే, గడియ తీసిన చప్పుడు వినిపించలేదు పాపం’’ అని సారు గొణిగారు.

ఒక ఫిర్యాదు ఉంది. ఔరంగజేబు దగ్గరే ఏడాది గడిచిపోయింది. 1739 నాదిర్షా దాడి నుంచి 1862లో రంగూనులో బహదూర్‌షా జఫర్ కన్నుమూసేదాకా ఒకే పీరియడులో ముగించారు. పరీక్షలో జహంగీరు మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది.

ఒక పేచీ కూడా ఉంది. సారు ఔరంగజేబు పోయిన 1707 తర్వాతదంతా పతనం ఖాతాలో రాసేవారు. 1724లో నిజాముల్‌ముల్క్ దక్కనులో స్థిరపడ్డాడు కదా, ఢిల్లీకి నష్టమైంది హైదరాబాదుకు జమ కాదా అని నేను వాదించేవాణ్ణి. ‘‘ఆ లెక్క నువ్వు రాయి’’ అనేవారు. ఇంకా రాస్తూనే ఉన్నాను.

ఆదివారం వస్తున్నాను సారూ. చింతగింజల పాఠం నాడు నేను బీజాపూరు సర్దారుని. నా పది గింజలు ఇంకా అందలేదు.